నడక, కంచం, మనసు: నలభై దాటినవారు తరచుగా అడిగే ప్రశ్నలు

మా కాలనీ పార్కులో పొద్దున్నే నడిచే బృందంలో కొత్తగా చేరినవారు మొదటి వారంలో అడిగే ప్రశ్నలూ, ఆరేళ్ల కిందట చేరినవారు అడిగిన ప్రశ్నలూ దాదాపు ఒకటే. ప్రతిసారీ నోటిమాటగా చెప్పి, అందులో సగం మరిచిపోవడం కన్నా ఒకచోట రాసి పెట్టడం మేలనిపించింది. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నను విడిగా చదువుకోవచ్చు. ఆరోగ్యంగా ఉన్నవారిని, బీపీ, షుగరు ఉన్నా అదుపులో పెట్టుకున్నవారిని దృష్టిలో ఉంచుకుని రాసిన జవాబులివి. గర్భిణులు, గుండె ఆపరేషన్ అయినవారు, కిడ్నీ జబ్బు ఉన్నవారు తమ వైద్యులు చెప్పిన కొలతలనే పాటించాలి.

## మొదలుపెట్టే ముందు

ఇంటి చాకిరీ అంతా నేనే చేస్తాను. మళ్లీ ప్రత్యేకంగా వ్యాయామం ఎందుకండీ?

ఇంటి పని లెక్కలోకి రాదని ఎవరైనా అంటే నమ్మవద్దు. ఒకేసారి కనీసం పది నిమిషాలు చేస్తేనే వ్యాయామంగా లెక్కించాలన్న పాత నియమాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో తీసేసింది. కాబట్టి మెట్లెక్కడం, నీళ్ల బకెట్లు మోయడం, వంగి ఇల్లు తుడవడం అన్నీ చెల్లుతాయి. అయితే చూడవలసింది ఊపిరి వేగం పెరిగిందా లేదా అన్నది. పొయ్యి దగ్గర రెండు గంటలు నిలబడితే కాళ్లు పీకుతాయి గానీ గుండెకు పెద్దగా పని పడదు. దీనికి సులువైన పరీక్ష ఒకటుంది: పని చేస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి.

లండన్‌లో జెరెమీ మోరిస్ అనే వైద్యుడు రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పరిశీలించి 1953లో ప్రకటించిన ఫలితాల్లో, రోజంతా కూర్చుని నడిపే డ్రైవర్ల కన్నా మెట్లెక్కి దిగుతూ టిక్కెట్లు కొట్టే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా కనిపించింది. ఆ కండక్టర్లకు వేరే వ్యాయామం అక్కరలేకపోయింది, వారి పనిలోనే మెట్లున్నాయి. మీ పనిలో అలాంటి మెట్లున్నాయో లేదో చూసుకుని, లేకపోతే రోజుకు అరగంట బయట నడవండి.

వారానికి ఎంతసేపు చేస్తే చాలు? పదివేల అడుగులు తప్పనిసరా?

పెద్దవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఒక మోస్తరు వ్యాయామం గానీ, 75 నుంచి 150 నిమిషాల గట్టి వ్యాయామం గానీ ఉండాలి, దానితోపాటు కనీసం రెండు రోజులు కండరాలకు పని చెప్పే కసరత్తు కూడా ఉండాలి. చివరిది ప్రత్యామ్నాయం కాదు, మొదటి రెండింటిలో ఏది ఎంచుకున్నా కసరత్తు అదనంగా ఉండవలసిందే. అరవై అయిదు దాటినవారు తూలి పడకుండా నిలదొక్కుకునే అభ్యాసాలు కూడా వారానికి మూడు రోజులు చేయాలి.

పదివేల అడుగులన్నది వైద్యులు తేల్చిన సంఖ్య కాదు. 1965 ప్రాంతంలో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన అడుగులు లెక్కించే పరికరానికి 'పదివేల అడుగుల మీటరు' అనే అర్థం వచ్చే పేరు పెట్టారు, ఆ అంకె అక్కడి నుంచి లోకమంతా పాకింది. అంతకన్నా బాగా తక్కువ అడుగులతోనే లాభం మొదలవుతుంది. ఇప్పుడు మూడు వేలు నడిచేవారు అయిదు వేలకు చేరడమే పెద్ద మార్పు.

షుగరు మాత్రలు వేసుకుంటున్నాను. పరగడుపున నడవవచ్చా?

మీరు వేసుకునే మందు ఏదన్న దాన్ని బట్టి ఉంటుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి చక్కెర మరీ పడిపోవడం అరుదు. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడేవారికి మాత్రం పరగడుపున దూరం నడిస్తే చక్కెర పడిపోయే ప్రమాదం ఉంటుంది. చేతులు వణకడం, చెమటలు పట్టడం, ఉన్నట్టుండి ఆకలి, మాట తడబడడం దాని గుర్తులు. అలాంటివారు ఏదైనా కొద్దిగా తిని బయలుదేరాలి, జేబులో గ్లూకోజు పొడి గానీ చక్కెర పొట్లం గానీ ఉంచుకోవాలి. గుర్తులు కనిపిస్తే మూడు చిన్న చెంచాల చక్కెర తిని, పావుగంట కూర్చుని, మళ్లీ పరీక్షించుకోవాలి.

ఇంకొకటి, ఎవరూ అడగనిది: పాదాలు. షుగరు పాతబడినవారికి అరికాళ్లలో స్పర్శ తగ్గుతుంది, చెప్పులో రాయి ఉన్నా తెలియదు. మేజోళ్లు, మూసి ఉండే బూట్లు వేసుకుని, ఇంటికి వచ్చాక అరికాళ్లను అద్దంలో చూసుకోవాలి. నడుస్తుండగా ఛాతీలో బరువు, ఎడమ చేతిలోకో దవడలోకో పాకే నొప్పి వస్తే 'గ్యాసేలే' అనుకోకుండా ఆగిపోయి 108కి ఫోన్ చేయాలి.

## మొదటి నెల

రెండు వారాలు నడిచాను, కిలో కూడా తగ్గలేదు. ఇంక లాభమేముంది?

65 కిలోల మనిషి అరగంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది 130 కేలరీల చుట్టుపక్కల. ఒక పెద్ద చెంచా నూనెలో ఉండేది 120. అంటే నడిచి వచ్చి దారిలో ఒక గారె తింటే లెక్క సరి. బరువు తగ్గడంలో ఎక్కువ భాగం కంచం దగ్గర జరుగుతుంది, తగ్గిన బరువు మళ్లీ పెరగకుండా చూసేది నడక.

కానీ త్రాసుకు అందని పనులు మొదటి రోజు నుంచే మొదలవుతాయి. కండరం కదిలినప్పుడు రక్తంలోని గ్లూకోజును ఇన్సులిన్ సాయం లేకుండానే లోపలికి లాక్కుంటుంది, అందుకే భోజనం తర్వాత పది పదిహేను నిమిషాలు నడిచినవారికి చక్కెర అంతగా ఎగబాకదు. కొలుచుకోవాలనే ఉంటే టేపు తెచ్చి నడుము కొలవండి. మన దేశంలో మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలని వైద్యులు చెబుతారు.

ఒళ్లంతా నొప్పులు. ఆపేయాలా?

కసరత్తు చేసిన మర్నాడు, రెండో నాడు కండరమంతా పట్టేసినట్టు ఉండి మూడు నాలుగు రోజుల్లో తగ్గితే అది మామూలే, తేలికగా నడుస్తుంటే త్వరగా పోతుంది. కీలులో ఒక్కచోట గుచ్చినట్టు నొప్పి, వాపు, లేదా వారం దాటినా తగ్గని నొప్పి అయితే ఆపి చూపించుకోవాలి.

ఆడవాళ్లు, అందులోనూ యాభై దాటినవాళ్లు బరువులెత్తవచ్చా?

ఎత్తవచ్చు, ఎత్తాలి. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ మన శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస అమ్మాయి కరణం మల్లీశ్వరి. 2000లో సిడ్నీలో ఆమె మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చి పాతికేళ్లు దాటినా ఈ ప్రశ్న ఇంకా మన ఇళ్లలో మిగిలే ఉంది. నెలసరి ఆగిపోయాక ఎముక త్వరగా పలచబడుతుంది, కండరమూ కరుగుతుంది. ఆ రెండింటినీ నిలబెట్టేది బరువు మోసే పని.

మొదలుపెట్టడానికి కుర్చీ చాలు. గోడకు ఆనించిన కుర్చీలో కూర్చుని, చేతులు ఛాతీ మీద కట్టుకుని, ఆసరా లేకుండా పది సార్లు లేచి కూర్చోవాలి. రెండు నిమిషాలు ఆగి మళ్లీ పది. ఆగమనడానికి కారణముంది. లేచే ఆ తొలి క్షణాల్లో కండరం వాడుకునేది ఫాస్ఫోక్రియాటిన్ అనే నిల్వను, అది మళ్లీ నిండడానికి కొద్ది నిమిషాలు పడుతుంది. ఆ పదార్థాన్ని 1927లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి వెలికితీసినవారు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. కుర్చీ తేలికయ్యాక గోడను నెట్టే దండీలు, ఆ తర్వాత చెరో చేతిలో లీటరు నీళ్ల సీసా. ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు, బీపీ ఉన్నవారు మరీను.

## వంటింట్లో

అన్నం పూర్తిగా మానేయాలా?

అక్కరలేదు. తగ్గించవలసింది కుప్ప, మార్చవలసింది పాళ్లు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం, రోజుకు 2000 కేలరీలు కావలసిన మనిషికి బియ్యం, గోధుమ, చిరుధాన్యాలు అన్నీ కలిపి 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు ఉండాలి. ఇవన్నీ వండక ముందటి తూకాలు.

ఒక ఆదివారం మధ్యాహ్నం నా కంచాన్నే వంటింటి త్రాసు మీద పెట్టి చూసుకున్నాను. పప్పులోకి, కూరలోకి, చారులోకి, పెరుగులోకి నాలుగు సార్లు వడ్డించుకున్న అన్నం 420 గ్రాములు తూగింది, అంటే దాదాపు 150 గ్రాముల బియ్యం. బెండకాయ వేపుడు 70 గ్రాములు. పొద్దున తిన్న ఇడ్లీలు, రాత్రికి రాబోయే చపాతీలు ఇంకా లెక్కలో లేవు. మన భోజనంలో ఉన్న చిక్కు ఇదే: ప్రతి వంటకమూ అన్నం లోపలికి వెళ్లడానికి ఒక సాకు. అప్పటి నుంచి కంచంలో ముందు కూర, పప్పు వడ్డించుకుని, అన్నాన్ని మూడు గరిటెలు ఒకేసారి పెట్టుకుని, నాలుగు వంతులకూ దాన్నే పంచుకుంటున్నాను. మొదటి వారం పెరుగన్నం దగ్గరకు వచ్చేసరికి అన్నం మిగిలేది కాదు, ఇప్పుడు అలవాటైంది.

బియ్యం ఎంత తెల్లగా ఉందన్నది కూడా ముఖ్యమే. బాగా పాలిష్ పట్టి, గంజి వార్చిన అన్నంలో థయమిన్ విటమిన్ దాదాపు మిగలదు. ఉత్తర సర్కారు జిల్లాల్లో ఒకప్పుడు బెరిబెరి జబ్బు కనిపించడానికి కారణం అదే. నిజానికి జాతీయ పోషకాహార సంస్థ కూడా 1918లో కూనూరులో బెరిబెరి విచారణ విభాగంగానే పుట్టి, 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. దంపుడు బియ్యమో, ఒంటిపట్టు బియ్యమో దొరికితే వాడండి. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం రూపొందించిన తెలంగాణ సోనా రకం చక్కెరను కాస్త నిదానంగా పెంచుతుంది గానీ, ఆ పేరు చెప్పుకుని మరో గరిటె వేసుకుంటే ఫలితం ఉండదు.

చిరుధాన్యాలు తింటే షుగరు పోతుందటగా?

పోదు. కొర్రలు, సామలు, జొన్నలు, రాగుల్లో పాలిష్ బియ్యం కన్నా పీచు ఎక్కువ. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, ధాన్యాల్లో దానికి సాటి లేదు. అయితే అవీ పిండి పదార్థమే. మెత్తగా విసిరి, పలచగా కాచి, బెల్లం వేసుకుని తాగే రాగిజావ గబగబా అరిగి చక్కెరను పెంచుతుంది. గట్టిగా వండిన సంకటి, పక్కన ఆకుకూర పప్పు ఉంటే అంత వేగం ఉండదు. అన్నం బదులుగా తినాలి, అన్నం తిన్న తర్వాత 'ఆరోగ్యానికి' అని తినకూడదు.

మేము శాకాహారులం. ప్రోటీన్ డబ్బాలు కొనాలా?

చాలామందికి అక్కరలేదు. మన దేశపు ప్రమాణం ప్రకారం కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు, అంటే 60 కిలోల మనిషికి 50 గ్రాములు. 60 గ్రాముల కందిపప్పులో 13, పాలు, పెరుగు కలిపి 400 మిల్లీలీటర్లలో 12, గుప్పెడు శనగల్లో 6, గుప్పెడు వేరుశనగ గుళ్లలో 7, 200 గ్రాముల ధాన్యంలో 16 గ్రాములు వస్తాయి. మొత్తం 54. ఇబ్బందల్లా ఎక్కడంటే, నలుగురికి గుప్పెడు పప్పు వేసి గిన్నెడు పప్పుచారు కాచి, 'రోజూ పప్పు తింటున్నాం' అనుకోవడం దగ్గర. గరిట తిప్పితే పప్పు అడుగున తగలాలి.

బి12 విషయం వేరు. అది మొక్కల ఆహారంలో దొరకదు, పాలు, పెరుగు తక్కువ తీసుకునేవారు, ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారు పరీక్ష చేయించుకోవడం మంచిది.

కూరలో ఉప్పు తగ్గించాం, అయినా బీపీ తగ్గడం లేదు. ఎందుకు?

రోజుకు మనిషికి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా, ఉప్పు దాటకూడదు. నలుగురున్న ఇంట్లో ఆ లెక్కన కిలో ప్యాకెట్టు 50 రోజులు రావాలి. ప్యాకెట్టు విప్పిన రోజు దాని మీద తేదీ రాయండి. మా ఇంట్లో మొదటిసారి 27 రోజులకే అయిపోయింది, అంటే తలకు 9 గ్రాముల పైచిలుకు. అందులో ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు, బయట కొన్న చిప్స్ లేవు. ఊరగాయ మానలేనివారు అది వేసుకున్న పూట పప్పు చప్పగా వండుకోవచ్చు. ఉప్పు సరిచేశాక కూడా బీపీ తగ్గకపోతే మందు మోతాదు గురించి వైద్యుడితో మాట్లాడాలి.

## మనసు సంగతి

దిగులుగా ఉంటే నడవమంటారు. లేవడానికే ఓపిక లేనివాడు ఎలా నడుస్తాడు?

ఈ ప్రశ్న అడిగినవారికి 'బద్ధకం వదిలించుకో' అని జవాబు చెప్పకూడదు. ఓపిక లేకపోవడం ఆ జబ్బు లక్షణాల్లోనే ఒకటి. ఉత్సాహం వచ్చాక కదులుదామని ఎదురుచూస్తే అది రాదు; ముందు కొద్దిగా కదిలితే ఆ వెనక కొద్దిగా వస్తుంది. అందుకని మొదటి రోజు పని చెప్పులు వేసుకుని గేటు దాకా వెళ్లి రావడం, అంతే. మర్నాడు వీధి చివరి దాకా. ఇంట్లోవాళ్లు చేయగలిగిన సాయం, సలహా చెప్పడం మాని తామూ చెప్పులు వేసుకోవడం.

అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో యాభై దాటిన 156 మంది డిప్రెషన్ రోగులపై చేసి 1999లో ప్రకటించిన అధ్యయనంలో, 16 వారాల తర్వాత వ్యాయామం చేసినవారికీ, మందు వాడినవారికీ, రెండూ చేసినవారికీ దాదాపు ఒకే మాదిరి మేలు కనిపించింది. దీన్ని చదివి ఎవరూ మాత్రలు ఆపేయకూడదు. ఆ అధ్యయనంలో చేరినవారు వ్యాయామానికి ముందుకు వచ్చినవారు, పర్యవేక్షణలో చేసినవారు. రెండు వారాలకు మించి నిద్ర, తిండి, పని మీద ఆసక్తి పోయినా, బతకడం దండగ అనిపించినా 14416 నంబరుకు ఫోన్ చేయండి. టెలి మానస్ పేరుతో 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న ఈ ఉచిత సేవలో తెలుగులోనే మాట్లాడవచ్చు.

తిండికీ మనసుకూ నిజంగా సంబంధం ఉందా?

ఉందనడానికి మన గడ్డ మీదే పాత ఉదాహరణ ఉంది. దక్కనులో జొన్నలు తప్ప మరేమీ దొరకని పేదల్లో పెల్లాగ్రా కనిపించేది. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొలుసులు రావడం, విరేచనాలు, వాటితోపాటు దిగులు, ముదిరితే మతి చెదరడం దాని లక్షణాలు. నియాసిన్ విటమిన్ లోపమే మూలం. జొన్నలో అధికంగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లానికి ఇందులో పాత్ర ఉందని పోషకాహార శాస్త్రవేత్తలు సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో ప్రతిపాదించారు. జొన్న చెడ్డదని దీని అర్థం కాదు, పప్పూ పాలూ లేకుండా ఒక్క జొన్న మీదే బతకవలసి రావడం చెడ్డది.

ఈ కాలపు ఆధారాల్లో ఒకటి ఆస్ట్రేలియాలో ఫెలిస్ జాకా బృందం 2017లో ప్రచురించినది. డిప్రెషన్‌తో బాధపడుతున్న 67 మందిలో కొందరికి 12 వారాల పాటు కూరగాయలు, పప్పులు, గింజలు, చేపలు పెంచేలా ఆహార సలహా, మిగతావారికి స్నేహపూర్వకమైన కబుర్లు. మొదటి బృందంలో 32 శాతం మంది, రెండో బృందంలో 8 శాతం మంది కోలుకున్నారు. చిన్న అధ్యయనం కాబట్టి దాని మీద మేడ కట్టనక్కరలేదు. ఆచరణలో నేను ముందుగా చెప్పేది రక్తహీనత, బి12, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోమని. నీరసం, మతిమరుపు, చిరాకు అని వచ్చినవారిలో చాలాసార్లు వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. ఇనుము కోసం ఆకుకూరలు తింటే నిమ్మకాయ పిండుకోండి, భోజనం అయిన వెంటనే టీ తాగకండి.

నడిస్తే మతిమరుపు రాకుండా ఉంటుందా?

రాదని హామీ ఎవరూ ఇవ్వలేరు. 2011లో అమెరికాలో 120 మంది పెద్దవారిపై చేసిన అధ్యయనంలో, ఏడాది పాటు వారానికి మూడు రోజులు నడిచినవారి మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ భాగం 2 శాతం పెరిగింది, ఒళ్లు సాగదీసే కసరత్తులు మాత్రమే చేసినవారిలో అది కొంచెం కుంచించుకుపోయింది. బీపీ, షుగరు అదుపులో ఉండడం కూడా మెదడుకు రక్షణే.

రాత్రి నిద్ర పట్టడం లేదు. సాయంత్రం వ్యాయామం వల్లనా?

ఎక్కువమందికి సాయంత్రపు నడక నిద్రను చెడగొట్టదు, పడుకోబోయే గంట ముందు చేసే గట్టి వ్యాయామం మాత్రం చెడగొట్టవచ్చు. ముందుగా ఆరు గంటల టీని అనుమానించండి. తాగిన కెఫీన్‌లో సగం అయిదారు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది. రెండో అనుమానం, పది గంటలకు సీరియల్ అయ్యాక తినే భోజనం.

## కాలం మారినప్పుడు, నడక ఆగిపోయినప్పుడు

ఎండాకాలంలో ఏం చేయాలి?

మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఆరున్నరకల్లా ఇంటికి చేరిపోవాలి, లేదంటే ఇంట్లోనే కుర్చీ కసరత్తులు, మెట్లు. బయలుదేరే ముందు నీళ్లు, వచ్చాక పలచని మజ్జిగ. నీరు ఎక్కువ పోయేలా చేసే బీపీ మాత్రలు వాడేవారు కళ్లు తిరిగితే వైద్యుడికి చెప్పాలి. చెమట ఆగిపోయి, ఒళ్లు కాలిపోతూ, మాట తేడాగా ఉంటే అది వడదెబ్బ. ఒంటి మీద నీళ్లు పోస్తూ, విసురుతూ ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

అబ్బాయి దగ్గరకు అమెరికా వచ్చాం. బయట మంచు, ఇంట్లో నాలుగు గోడలు. ఎలా?

పెద్ద మాల్‌లు పొద్దున్నే తెరిచే ఊళ్లలో అక్కడ నడిచేవారు చాలామంది ఉంటారు, వారితో కలవండి. మాల్ దూరమైతే ఇంట్లోని మెట్లు రోజుకు మూడు విడతలు. చలికాలంలో అక్కడి ఎండలో చర్మం విటమిన్ డి తయారుచేసుకోలేదు, కాబట్టి ఆ పరీక్ష గురించి అడగండి. మాట్లాడే మనిషి లేకపోవడం అంతకన్నా పెద్ద లోటు. గుడికో, తెలుగువారి కూడికకో వారానికి ఒకసారైనా తీసుకెళ్లమని పిల్లలను మొహమాటపడకుండా అడగండి.

పెళ్లిళ్లలో మూడు వారాలు ఆగిపోయింది. మళ్లీ మొదటికి వచ్చినట్టేనా?

కాదు. ఆయాసం లేకుండా నడిచే శక్తి రెండు వారాల్లోనే తగ్గడం మొదలవుతుంది గానీ, కండర బలం అంతకన్నా ఎక్కువ రోజులు నిలుస్తుంది. పాత దూరాన్ని మొదటి రోజే అందుకోబోయి మోకాలు పట్టేసుకుని మరో నెల ఇంట్లో కూర్చున్నవారు మా బృందంలో ఏటా ఇద్దరైనా ఉంటారు. ఆగక ముందు నలభై నిమిషాలు నడిచేవారైతే మొదటి వారం ఇరవై, రెండో వారం ముప్ఫై నడవండి. కుర్చీ కసరత్తు పదికి బదులు ఆరుసార్లతో మొదలుపెట్టండి. పెళ్లి నుంచి తెచ్చుకున్న అరిసెల డబ్బా ఉంటే వాకిలి దగ్గరి బల్ల మీంచి తీసి, అందనంత ఎత్తులో అటక మీద పెట్టండి.